మధ్యశ్రేణి, భారీ లారీల్లో హైబ్రిడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లారీ ఓనర్లు, రవాణా సంస్థల మేనేజర్లు, పురపాలక సంఘాల వాహన విభాగాల ఇంజనీర్లు హైబ్రిడ్ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. కార్ల విషయంలో విన్న మాటలను లారీలకు యథాతథంగా అన్వయించుకోవడం వల్లనే అపోహలు ఎక్కువగా పుడుతున్నాయి కాబట్టి, లెక్కలన్నీ లారీ బరువులతోనే వేసి చూపించాం. మొత్తం బరువు 3.5 టన్నులు దాటి 12 టన్నుల లోపు ఉన్న బండ్లు ఎన్‌2 తరగతికి, 12 టన్నులు దాటినవి ఎన్‌3 తరగతికి చెందుతాయి. ఈ సమాధానాలు రెండింటికీ వర్తిస్తాయి. విద్యుత్ శక్తిని యూనిట్లలో చెప్పాం. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే ఇది; ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక యూనిట్.

హైబ్రిడ్ లారీ అంటే సరిగ్గా ఏమిటి? గనుల్లోని డీజిల్-ఎలక్ట్రిక్ డంపర్ కూడా హైబ్రిడేనా?

డీజిల్ ఇంజనుతో పాటు ఒక విద్యుత్ మోటారు, ఒక బ్యాటరీ ఉండి, బండిని నడిపే పనిలో ఇంజనుకు మోటారు తోడయ్యే వాహనాన్ని హైబ్రిడ్ అంటారు. ఇందులో మోటారు కంటే ముఖ్యమైనది దాచుకోవడం. బండి వేగం తగ్గేటప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి, చక్రాల ఊపును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది; బండి మళ్లీ కదిలేటప్పుడు ఆ విద్యుత్తే ఇంజను భారాన్ని తగ్గిస్తుంది.

పెద్ద గనుల్లో తిరిగే 200 టన్నుల తరహా డంపర్లలో చాలావాటికి ఇంజను జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటు చక్రాల మోటార్లను నడుపుతుంది. అయినా అవి హైబ్రిడ్లు కావు. బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటును దాచుకునే చోటు వాటిలో లేదు. పెద్ద రెసిస్టర్లలో వేడి చేసి గాలిలోకి వదిలేస్తాయి. డీజిల్ రైలింజన్లలో డైనమిక్ బ్రేకు చేసే పనీ ఇదే.

డీజిల్ ఎక్కడ ఆదా అవుతుంది?

ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తెలిస్తే మిగిలినవాటిలో సగం అడగనక్కర్లేదు. లారీ తాగే డీజిల్ చివరికి నాలుగు దారుల్లో పోతుంది: ఇంజనులో వేడిగా, గాలిని తోసుకుంటూ వెళ్లడంలో, టైర్లు దొర్లడంలో, బ్రేకు డ్రమ్ముల్లో. గాలికీ టైర్లకూ పోయినదాన్ని ఏ హైబ్రిడ్డూ వెనక్కి తేలేదు. బ్రేకుల్లో కాలిపోయేదాంట్లో కొంత వెనక్కి తేగలదు. ఊరికే ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపి కొంత మిగల్చగలదు. ఇంజనును అది పొదుపుగా పనిచేసే స్థితిలో ఎక్కువసేపు ఉంచి మరికొంత మిగల్చగలదు. అంతకుమించి హైబ్రిడ్‌లో మహిమ ఏమీ లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సగటున 12 టన్నుల బరువుతో ఊళ్లో సరుకు పంచే బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని ఊపులో సుమారు 0.2 యూనిట్ శక్తి ఉంటుంది. బ్రేకు తొక్కి ఆపితే అదంతా డ్రమ్ముల్లో వేడి అవుతుంది. హైబ్రిడ్‌లో గేర్‌బాక్సు, మోటారు, బ్యాటరీ తమ వాటా తీసుకోగా, గట్టిగా ఆపినప్పుడు మామూలు బ్రేకుల్లో పోయేది పోగా, సగం తిరిగి చక్రానికి చేరిందనుకుందాం. అంటే ఒక్కో ఆగుడుకు 0.1 యూనిట్. రోజుకు 150 సార్లు ఆగే బండికి 15 యూనిట్లు. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉన్నా, ఊళ్లో నడిచే బండిలో మూడో వంతు మాత్రమే చక్రాల దాకా వస్తుంది. ఆ లెక్కన 15 యూనిట్లు నాలుగున్నర లీటర్ల డీజిల్‌తో సమానం. అదే బండి రోజుకు 100 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తూ 20 లీటర్లు తాగుతుంటే, ఆదా అయిదో వంతు దాటుతుంది.

150 ఆగుళ్లు 30కి తగ్గాయనుకోండి. ఆదా కూడా అందులో అయిదో వంతుకు, అంటే రోజుకు లీటరు లోపుకు పడిపోతుంది. బండి అదే, బ్యాటరీ అదే, కట్టిన డబ్బూ అదే. అందుకే హైబ్రిడ్ కొనాలా వద్దా అని అడిగేవారిని మేము ముందుగా అడిగేది, మీ బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని కాదు, ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతుందని.

హైబ్రిడ్లలో రకాలు ఏమిటి?

ఇంజను, మోటారు రెండూ నేరుగా చక్రాలకు బలాన్ని ఇవ్వగలిగితే దాన్ని ప్యారలల్ అంటారు. క్లచ్చికీ గేర్‌బాక్సుకూ మధ్య మోటారును అమర్చడం లారీల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. ఉన్న ఛాసిస్‌లో పెద్దగా మార్పులు అక్కర్లేదు, రహదారిపై ఇంజను నేరుగా చక్రాలను తిప్పుతుంది కాబట్టి నష్టమూ తక్కువే. ఇంజను కేవలం జనరేటరును తిప్పుతూ, చక్రాలను మోటారు ఒక్కటే నడిపితే అది సిరీస్. అడుగడుగునా ఆగే బండికి ఇది బాగుంటుంది గానీ, గంటల తరబడి ఒకే వేగంతో పోయే బండికి డీజిల్‌ను కరెంటుగా, కరెంటును మళ్లీ తిప్పుడుగా మార్చడంలో వృథా పెరుగుతుంది. పెద్ద బ్యాటరీ పెట్టి, రాత్రి ఛార్జింగు చేసుకుని, దారిలో అవసరమైతేనే చిన్న ఇంజను జనరేటరుగా పనిచేసే ఏర్పాటును రేంజ్ ఎక్స్‌టెండర్ అంటున్నారు.

48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ పేరుతో వచ్చేవి లారీ బరువుల ముందు చాలా చిన్నవి. ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయడానికి, పంపులు, ఫ్యాన్లు నడపడానికి పనికొస్తాయి. 25 టన్నుల బండిని ఆపేటప్పుడు వచ్చే శక్తిని అందుకునే సత్తా వాటికి ఉండదు.

ఏ పనులకు హైబ్రిడ్ నిజంగా సరిపోతుంది?

చెత్త సేకరించే కంపాక్టర్ లారీ ఈ వరుసలో మొదటిది. ప్రతి వీధిలో కొన్ని గజాలకోసారి ఆగుతుంది, ఆగిన చోటల్లా ఇంజను రేసు పెంచి హైడ్రాలిక్ పంపుతో చెత్తను నొక్కుతుంది. అక్కడ ఇంజను చేసే పనికి బండి కదలికతో సంబంధమే లేదు. ఆ పంపును బ్యాటరీతో నడిపితే ఆదా రెండు వైపుల నుంచి వస్తుంది, తెల్లవారుజామున వీధిలో మోతా తగ్గుతుంది. వోల్వో 2011లో ఎఫ్‌ఈ హైబ్రిడ్‌ను మార్కెట్‌కు తెచ్చినప్పుడు చెత్త సేకరణ, నగర పంపిణీ పనులనే లక్ష్యంగా పెట్టుకోవడానికి కారణం ఇదే.

కూల్‌డ్రింకులు, గ్యాస్ సిలిండర్లు, కిరాణా సరుకులు పంచే బండ్లు రెండో వరుసలోకి వస్తాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: పొద్దున నిండుగా బయలుదేరిన బండి మధ్యాహ్నానికి సగం ఖాళీ అవుతుంది, బరువు తగ్గేకొద్దీ బ్రేకులో దొరికే శక్తీ తగ్గుతుంది. కాబట్టి లెక్క వేసేటప్పుడు ఆర్‌సీలోని మొత్తం బరువును కాకుండా రోజు మొత్తానికి సగటు బరువును తీసుకోవాలి. కంపెనీ ప్రతినిధులు తెచ్చే కాగితాల్లో ఈ తేడా అరుదుగా కనిపిస్తుంది.

రెడీమిక్స్ బండ్లలో డ్రమ్ము నిరంతరం తిరగాలి, పాల ట్యాంకర్లు పల్లె పల్లెకూ ఆగాలి, భీమవరం చుట్టుపక్కల నుంచి రొయ్యలు తీసుకెళ్లే శీతల కంటైనర్లకు చలి ఆగకూడదు. ఇలాంటి చోట్ల బండిని నడపడం కంటే బండి మీది యంత్రాన్ని నడపడంలో హైబ్రిడ్ బ్యాటరీ ఎక్కువ అక్కరకు వస్తుంది.

హైదరాబాద్–విజయవాడ లాంటి రహదారిపై తిరిగే పెద్ద లారీకి ఏమైనా లాభం ఉంటుందా?

చాలా తక్కువ. సుమారు 270 కిలోమీటర్ల ఈ దారిలో 40 టన్నుల బండి లీటరుకు 3.5 కిలోమీటర్లు ఇస్తే 77 లీటర్ల దాకా తాగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆగితే ఒకటిన్నర యూనిట్ శక్తి పోతుంది. అందులో సగం దక్కినా పావు లీటరుకు లోపే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గరి సిగ్నళ్లు, ఢాబా, అడ్డొచ్చిన ఆటోలు అన్నీ కలిపి 20 ఆగుళ్లు అనుకున్నా నాలుగున్నర లీటర్లు దాటదు. అంటే ఆరు శాతం లోపు. ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర పూర్తిగా ఆగాల్సిన అవసరం కూడా తగ్గింది. హైబ్రిడ్ ఆదా చేయాల్సినదాన్ని ఫాస్టాగే కొంత ఆదా చేసిందన్నమాట. ఈ బండ్ల ఓనర్లకు మా సలహా ఒకటే: ఆ డబ్బును ముందుగా మంచి టైర్లమీద, గాలి ఒత్తిడి సరిచూసే ఏర్పాటుమీద, తిరుగు లోడు వెతకడంమీద పెట్టండి.

ఘాట్ రోడ్లలో పరిస్థితి వేరుగా ఉంటుందా?

ఉంటుంది. హైబ్రిడ్ బలమూ బలహీనతా రెండూ ఘాట్‌లోనే బయటపడతాయి.

40 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి 12 కిలోమీటర్ల ఘాట్ దిగుతోందని అనుకుందాం. ఆ దిగుడులో సుమారు 54 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. టైర్ల దొర్లుడుకు 9 యూనిట్లు పోయినా 45 యూనిట్లను ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాల్సిందే. ఇవాళ ఆ ఖర్చంతా ఎగ్జాస్ట్ బ్రేకు (పొగను అడ్డుకుని ఇంజనుతోనే వేగం తగ్గించేది), గేరు, డ్రమ్ములు పంచుకుంటున్నాయి. ఘాట్ దిగువన ఆగిన లారీ దగ్గరికి వెళ్తే బ్రేకు లైనర్లు కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. క్లీనరు దిగి, డ్రమ్ముకు దూరం నుంచే అరచెయ్యి పెట్టి వేడి చూసి, నీళ్ల క్యాను కోసం వెనక్కి వెళ్తాడు. ఆ వేడి అంతా పైకి ఎక్కేటప్పుడు డబ్బు పెట్టి కొన్న డీజిలే.

మరి 45 యూనిట్లూ దాచుకోగలమా? లారీ హైబ్రిడ్‌లో 10 యూనిట్ల బ్యాటరీ ఉందనుకుంటే, అది మొదటి మూడు కిలోమీటర్లలోనే నిండిపోతుంది. మిగిలిన తొమ్మిది కిలోమీటర్లూ మోటారు చేతులెత్తేస్తుంది, బండి మళ్లీ పాత బ్రేకుల మీదే ఆధారపడాలి. నాలుగు శాతం వాలులో గంటకు 30 కిలోమీటర్లతో దిగుతున్న ఈ బండిని అదుపులో ఉంచాలంటే నూరు కిలోవాట్లకు పైగా బలం వెనక్కి లాగుతూ ఉండాలి. మోటారు అంతకంటే చిన్నదైతే బ్యాటరీ ఖాళీగా ఉన్నా మొత్తం అందుకోలేదు.

ఈ చిక్కును జపాన్‌లో హీనో అనే లారీల కంపెనీ ఒక తెలివైన పద్ధతిలో ఎదుర్కొంది. 2019లో వచ్చిన ప్రొఫియా హైబ్రిడ్ భారీ లారీ, ముందున్న 100 కిలోమీటర్ల దారిలోని ఎత్తుపల్లాలను మ్యాపుల ఆధారంగా అంచనా వేసి, దిగుడు వచ్చేలోపే బ్యాటరీని వాడేసి ఖాళీ చేసి ఉంచుతుంది. దూరప్రయాణపు లారీకి హైబ్రిడ్ పనికిరాదనే మాటకు ఇది మినహాయింపు. అయితే జపాన్ రహదారులు కొండల మధ్య ఎక్కుతూ దిగుతూ సాగుతాయని, మన కోస్తా రహదారి బల్లపరుపుగా ఉంటుందని మరవకూడదు.

రెండు జాగ్రత్తలు. హైబ్రిడ్ ఉంది కదా అని రిటార్డరును (దిగుడులో వేగాన్ని అదుపు చేసే అదనపు బ్రేకు ఏర్పాటును) గానీ ఎగ్జాస్ట్ బ్రేకును గానీ వదులుకోకూడదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు ఉన్న డ్రైవరు హైబ్రిడ్‌లోనూ అదే చేస్తే, మోటారుకు చక్రాలతో సంబంధం తెగిపోయి ఒక్క యూనిట్టూ రాదు; ప్రాణాపాయం ఎలాగూ ఉన్నదే.

బ్యాటరీ బరువు వల్ల లోడు తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. మోటారు, బ్యాటరీ, బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టరు, వాటిని చల్లబరిచే వ్యవస్థ కలిసి కొన్ని వందల కిలోల బరువు పెరుగుతాయి. మన దేశంలో 2018లో యాక్సిల్ బరువుల పరిమితిని పెంచినప్పుడు రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు పెరిగింది; ఆ పెంపుతో పోలిస్తే ఇది చిన్నదే. పత్తి, థర్మకోల్, చిప్స్ ప్యాకెట్ల వంటి బరువు లేని సరుకు మోసేవారికి అసలు తేడా తెలియదు. సిమెంటు, ఇసుక, ఇనుము మోసేవారికి ట్రిప్పు ట్రిప్పుకూ తెలుస్తుంది. ఇంజను లేకుండా బ్యాటరీతోనే నడిచే లారీలో ఈ బరువు టన్నుల్లోకి వెళ్తుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో హైబ్రిడ్‌కే మొగ్గు.

బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది? మన ఎండలకు తట్టుకుంటుందా?

హైబ్రిడ్ బ్యాటరీని సెల్‌ఫోన్ బ్యాటరీతోనో, బ్యాటరీ బస్సుతోనో పోల్చకూడదు. అది చిన్నది, కానీ దాని మీద పడే ఒత్తిడి పెద్దది. 10 యూనిట్ల బ్యాటరీ నుంచి 90 కిలోవాట్ల మోటారు బలం తీసుకుంటోందంటే, అదే పోకడ సాగితే ఏడు నిమిషాల్లో అది ఖాళీ అయ్యే వేగం అన్నమాట. మామూలు సెల్లులు దీనికి పనికిరావు; తక్కువ దాచి ఎక్కువ బలాన్ని ఇచ్చే ప్రత్యేకమైన సెల్లులు కావాలి, అందుకే యూనిట్‌కు వాటి ధర ఎక్కువ. దీన్ని పూర్తిగా నింపి పూర్తిగా ఖాళీ చేయరు. మధ్యలోనే కొద్దికొద్దిగా నింపుతూ తీస్తూ ఉంటారు, ఆయుష్షు పెరిగేది అలాగే.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవలసినది కాదు. లిథియం సెల్లులకు 15 నుంచి 35 డిగ్రీలు హాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంటే, తారు రోడ్డుకు అడుగున్నర ఎత్తులో, ఇంజను పక్కన బిగించిన బ్యాటరీ పరిస్థితి ఊహించండి. గాలితో చల్లబరిచే బ్యాటరీ ఇక్కడ చాలదని మా అభిప్రాయం. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా, అది ఏసీ కంప్రెసరుతో అనుసంధానమై ఉందా అని అడగండి. వేడెక్కినప్పుడు కంట్రోలరు బ్యాటరీని కాపాడుకోవడానికి మోటారు బలాన్ని తగ్గించేస్తుంది. బండి ఆగదు గానీ, హైబ్రిడ్ కోసం పెట్టిన డబ్బు ఆ పూట పనిచేయదు.

బీఎస్-6 ఇంజనుతో, యూరియా వ్యవస్థతో హైబ్రిడ్‌కు పేచీ ఏమైనా ఉందా?

ఉంది, దీని గురించి అమ్మేవారు తక్కువ చెబుతారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల లారీల్లో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి, డ్రైవర్లు డీఈఎఫ్ అనో యాడ్‌బ్లూ అనో పిలిచే యూరియా ద్రావణాన్ని పొగగొట్టంలోకి చిమ్ముతారు. ఆ రసాయన చర్య సరిగ్గా జరగాలంటే పొగ వేడి సుమారు 200 డిగ్రీలు దాటి ఉండాలి. హైబ్రిడ్‌లో ఇంజను తరచూ ఆగుతుంది, భారం తగ్గుతుంది, పొగగొట్టం చల్లబడుతుంది. డీజిల్ తగ్గినా విషవాయువు పెరిగే వింత పరిస్థితి ఇలా వస్తుంది; అమెరికాలో తొలితరం హైబ్రిడ్ వ్యాన్లను పరీక్షించినప్పుడు ఇలాంటి ఫలితాలే కొన్ని వచ్చాయి. ఇంజనును, మోటారును, పొగశుద్ధి వ్యవస్థను ఒకే కంట్రోలరు కలిపి చూసుకునేలా కంపెనీలోనే తయారైన బండికి, తర్వాత బయట బిగించిన కిట్‌కు తేడా ఇక్కడే తెలుస్తుంది.

పాత లారీకి హైబ్రిడ్ కిట్ బిగించుకోవచ్చా?

చట్టప్రకారం దారి ఉంది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2016లో ఇందుకు నిబంధనలు తెచ్చింది; కిట్లు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్షలో నెగ్గాలి, 3.5 టన్నులు దాటిన బండ్లకు అందులో ప్రత్యేక భాగమే ఉంది. కిట్ తయారీదారుకు ఆమోదం ఉండాలి, బిగించిన తర్వాత ఆర్‌సీలో మార్పు నమోదు కావాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ప్రమాదం జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఆచరణలో మాత్రం, ఎనిమిదేళ్లు తిరిగిన లారీ మీద కొత్త బ్యాటరీ ఖర్చు పెట్టడం మాకు గిట్టుబాటుగా తోచలేదు.

ఇతర దేశాల అనుభవం ఏం చెబుతోంది?

ఈ సాంకేతికత నిన్న మొన్నటిది కాదు. హీనో 1991లోనే బస్సుల్లో డీజిల్ హైబ్రిడ్‌ను వాడుకలోకి తెచ్చింది. 2003లో హీనోదే డ్యూట్రో హైబ్రిడ్, 2005లో ఇసుజు ఎల్ఫ్, 2006లో మిత్సుబిషి ఫ్యూసో క్యాంటర్ హైబ్రిడ్ వచ్చాయి. ఇవన్నీ ఊళ్లో సరుకు పంచే చిన్న, మధ్యశ్రేణి లారీలే కావడం గమనించాలి.

అమెరికా కథ మరింత పాఠం నేర్పుతుంది. కొరియర్ సంస్థ ఫెడెక్స్, వాహన విడిభాగాల సంస్థ ఈటన్ కలిసి 2004లో హైబ్రిడ్ డెలివరీ వ్యాన్లను రోడ్డెక్కించినప్పుడు ఎంతో సందడి జరిగింది. పదేళ్ల తర్వాత 2014లో ఈటన్ ఉత్తర అమెరికాలో హైబ్రిడ్ వ్యవస్థల అమ్మకాన్ని ఆపేసింది. సహజవాయువు ఇంజను జనరేటరుగా ఉండే హైపర్‌ట్రక్ ఈఆర్‌ఎక్స్‌ను భారీ లారీల కోసం రూపొందించిన హైలియన్ సంస్థ కూడా 2023లో ఆ వ్యాపారాన్ని మూసివేసింది. అమ్మేవాడు తప్పుకుంటే కొన్నవాడికి విడిభాగాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మన ఓనర్లు ఈ రెండు ఉదంతాల నుంచి అడగాల్సిన ప్రశ్న. లారీని పన్నెండు, పదిహేనేళ్లు నడుపుతాం. హైబ్రిడ్ కంపెనీ అంతకాలం ఉంటుందా?

స్వీడన్‌లో 2016 జూన్‌లో యెవ్లే సమీపంలోని ఈ16 రహదారిపై రెండు కిలోమీటర్ల మేర రైలు తరహా తీగలు కట్టి, పైన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ అమర్చిన స్కానియా హైబ్రిడ్ లారీలను నడిపి చూశారు. తీగ ఉన్నంతసేపు కరెంటు, తీగ దాటాక ఇంజను. హైబ్రిడ్‌కు ఇంతకంటే అందమైన ఉపయోగం మాకు కనిపించలేదు గానీ, తీగలు కట్టే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే అది ఆగుతుంది.

మన దేశంలో ప్రోత్సాహకాలు ఉన్నాయా? పన్ను ఎంత?

ఒకప్పుడు హైబ్రిడ్లకు కొంత ఆదరణ ఉండేది. విద్యుత్ వాహనాల ప్రోత్సాహానికి కేంద్రం 2015 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఫేమ్ పథకంలో వాటికీ చోటిచ్చారు, మైల్డ్ హైబ్రిడ్లను 2017 ఏప్రిల్ నుంచి తప్పించారు. ముంబయిలోని బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ కోసం తీసుకున్న 25 టాటా హైబ్రిడ్ బస్సులు ఆ కాలపు గుర్తు. ఇప్పుడు గాలి పూర్తిగా బ్యాటరీ వైపే వీస్తోంది. కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 500 కోట్ల రూపాయలు విద్యుత్ లారీలకు కేటాయించారు. 2025 జులైలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా సాయం అందుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. విద్యుత్ వాహనాలపై 5 శాతమే. ఇంజను ఉన్నందువల్ల హైబ్రిడ్ లారీ 18 శాతంలోనే ఉంటుంది. మన షోరూముల్లో డీజిల్, సీఎన్‌జీ, ఎల్‌ఎన్‌జీ, బ్యాటరీ లారీలు ప్రధానంగా కనిపిస్తూ హైబ్రిడ్ కనిపించకపోవడానికి ఈ అంకెలు కొంతవరకు కారణం.

పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగి వస్తుంది?

పైన చెప్పిన పంపిణీ బండినే తీసుకుందాం. రోజుకు నాలుగున్నర లీటర్లు, లీటరు 95 రూపాయలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే సుమారు లక్షా 28 వేలు మిగులుతాయి. హైబ్రిడ్ కోసం అదనంగా ఆరు లక్షలు కట్టారనుకుంటే దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఆ ఆరు లక్షలకు ఫైనాన్సు వడ్డీ కలిపితే ఆరేళ్లు. బ్రేకు లైనర్ల మార్పు తగ్గడం, లోడింగు దగ్గర ఇంజను ఆపి ఏసీ నడుపుకోవడం మరికొంత కలుస్తాయి. 2025 నుంచి కొత్త లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది కాబట్టి ఈ రెండోదాన్ని చిన్నచూపు చూడకూడదు. గోదాము గేటు దగ్గర మూడు గంటలు ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని కూర్చుంటే ఎన్ని లీటర్లు పోతాయో ఓనర్లకు వేరే చెప్పనక్కర్లేదు.

రిపేరు ఎవరు చేస్తారు? ఆటోనగర్ మెకానిక్ ముట్టుకోవచ్చా?

ఇంజను, గేరు, బ్రేకులు, బాడీ వరకు నిస్సందేహంగా ముట్టుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో కుదరని పని అంటూ లేదని మాకూ తెలుసు. నారింజ రంగు కేబుళ్లు మాత్రం వేరు. అవి వందల వోల్టులు మోసే తీగలు, లారీలోని 24 వోల్టుల వైరింగులా వేలితో తడిమి చూసేవి కావు. బండి తాళం తీసేసినా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. బ్యాటరీ కరెంటును తెంచే సర్వీసు డిస్‌కనెక్ట్ లాగి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టాలి. అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం వెల్డింగులో ఉంది. మన దగ్గర బాడీ పట్టీ విరిగితే బండిని నిలబెట్టి అక్కడే వెల్డింగు చేయించడం అలవాటు. బ్యాటరీని వేరుచేయకుండా హైబ్రిడ్ ఛాసిస్ మీద ఆ పని చేయిస్తే కంట్రోలరు పోవచ్చు, ఇంకా ఘోరమూ జరగవచ్చు.

హైబ్రిడ్ ఎందుకు, నేరుగా బ్యాటరీ లారీకే వెళ్తే సరిపోదా?

రోజూ ఒకే చోటి నుంచి బయలుదేరి 150 కిలోమీటర్లలోపు తిరిగి రాత్రికి అదే చోటికి చేరే బండికి, ఆ చోట తగినంత లోడు మంజూరైన కరెంటు కనెక్షను కూడా ఉంటే, బ్యాటరీ లారీయే మేలని మేమూ అంటాం. అప్పుడు బ్రేకు శక్తీ దక్కుతుంది, డీజిల్ ఖర్చూ పోతుంది, పన్నూ తగ్గుతుంది. నిజానికి హైబ్రిడ్‌కు బాగా నప్పే పనుల్లో ఎక్కువభాగం బ్యాటరీకి కూడా నప్పేవే. హైబ్రిడ్ కష్టం ఇదే. దానికి మిగిలే చోటు ఇరుకైనది: ఊళ్లో ఆగుతూ తిరిగి, మధ్యమధ్యలో మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరం కూడా పోవలసిన బండ్లు, ఘాట్‌లో ఎక్కి దిగే బండ్లు, ఛార్జింగుకు రెండు గంటలు ఆగే వీలు లేక పగలూ రాత్రీ షిఫ్టుల్లో నడిచే బండ్లు. మీ బండి ఈ మూడింటిలో ఒకటైతే హైబ్రిడ్ గురించి ఆలోచించండి.

కంపెనీ చెప్పే మైలేజీని ఎంతవరకు నమ్మాలి?

12 టన్నులు, ఆపైన ఉన్న బండ్లకు మన దేశంలో 2017లో ప్రకటించిన ఇంధన ప్రమాణం, బండిని గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిర వేగంతో నడిపి కొలిచే పరీక్ష మీద ఆధారపడింది. స్థిర వేగంలో బ్రేకే ఉండదు, కాబట్టి హైబ్రిడ్‌కు ఆ పరీక్షలో చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అధికారిక అంకె హైబ్రిడ్ మేలును దాచేస్తే, అమ్మేవారి అంకె దాన్ని పెంచేస్తుంది. ఒకసారి మాకు చూపించిన డెమోలో బండి సగం లోడుతో, ఆదివారం ఉదయం, తమకు నచ్చిన దారిలో తిరిగింది; మైలేజీ ఘనంగా వచ్చింది, ఆ కాగితం ఇప్పటికీ మా సొరుగులో ఉంది.

ముందుగా మీ పాత బండి వేగాన్ని రెండు వారాల పాటు సెకనుకోసారి నమోదు చేయండి. జీపీఎస్ పెట్టెలు చాలావరకు పది, ముప్పై సెకన్లకోసారి మాత్రమే వేగాన్ని పంపుతాయి. వాటిలో సగం బ్రేకులు కనిపించకుండా పోతాయి కాబట్టి సర్వీసు వారితో చెప్పి ఆ విరామాన్ని మార్పించుకోవాలి. ఆ రికార్డు చేతిలో ఉంటే, పైన వేసిన లెక్కను మీరే మీ బరువుతో వేసుకోగలరు. డెమో బండి వచ్చినప్పుడు మీ డ్రైవరుతోనే, మీ సరుకుతోనే, మీ దారిలోనే, సోమవారం నుంచి శనివారం దాకా నడిపించండి. డీజిల్‌ను మీటరు బోర్డు మీద చూసి కొలవకండి. బయలుదేరేటప్పుడు, తిరిగి వచ్చాక ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండిని ఒకే దిక్కుగా నిలిపి, ట్యాంకు మెడదాకా నింపించి బిల్లు చూడండి. ఇంతకు ఒప్పుకోని అమ్మకందారుతో తర్వాతి మాట అక్కర్లేదు.